రాఘవమ్మ ఇంటి సాధారణ దినం

శ్వేత ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆత్మకూరులో మొదటి బస్సెక్కి ఉదయగిరిలో దిగాలి. అక్కడి నుంచి ఆటోలో వరికుంటపాడు దారిలో ఉన్న పల్లెకు వెళ్ళి, కామయ్య, రాఘవమ్మ అనే ముసలి దంపతులు రోజంతా ఏం తింటారో కాటా మీద తూచి రాసుకోవాలి. ఆఖరి బస్సుకు ఇంటికి తిరిగొచ్చి, అమ్మ పోసిన దోసెలు తిని పడుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అని ఆమె ధీమాగా ఉంది.

శ్వేత పనిచేసేది విశ్వవిద్యాలయం వారి పోషకాహార ప్రచురణల భాండాగారంలో. మనిషి ఏం తినాలి, ఎంత తినాలి, తినకపోతే ఏమవుతుంది అన్న విషయాల మీద ఎక్కడ ఏ కాగితం అచ్చయినా తెచ్చి అక్కడి బీరువాల్లో పెడతారు. రాగుల మీద నివేదికలు, చంటిపిల్లల గంజి మీద కరపత్రాలు, ఆకుకూరల మీద లావుపాటి సంపుటాలు. తిండి గురించి ఇంత జ్ఞానం పోగుపడిన ఆ గదిలోకి బిస్కెట్టు ముక్క కూడా తీసుకెళ్ళనివ్వరు. ఇప్పుడు ఆ ప్రచురణలన్నిటికీ వివరణలతో ఒక సూచిక అచ్చు వేయబోతున్నారు. ఆ పనిలోనే ఒక పాత సర్వే పుస్తకం శ్వేత చేతికొచ్చింది.

అది నలభై ఏళ్ళ పైచిలుకు కిందటిది. గొర్రెలు మేపుకునే ఒక కుటుంబం సాధారణ దినాన తినే తిండి అంటూ అందులో ఒక పట్టిక ఉంది. మనిషికి ఇంత మాంసం, ఇంత నెయ్యి, ఇంత పాయసం. అది చూస్తే పెళ్ళి భోజనానికి వెళ్ళొచ్చిన వాళ్ళు కూడా కుళ్ళుకుంటారు. పైగా అది ఆ ప్రాంతంలో వానలు మొహం చాటేసిన ఏడాది. శ్వేత పుస్తకం పట్టుకుని భాండాగారం పెద్ద జనార్దనయ్య దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఈ లెక్క కచ్చితంగా తప్పు. ఎవరో సోమరి మనిషి ఇంట్లో కూర్చొని రాసినట్టుండాది" అంది.

"ఆ సోమరి మనిషిని నేనేనమ్మా" అన్నాడు జనార్దనయ్య.

శ్వేత చటుక్కున పుస్తకం మూసేసింది. ఆయనకు మాత్రం కోపం రాలేదు. "ఆ ఇల్లు ఇంకా ఉండాది, కామయ్య, రాఘవమ్మ ఇద్దరూ ఉండారు. పోయి నువ్వే తూచుకో. ఆ రోజుల కన్నా ఇప్పుడు వాళ్ళకి జరుగుబాటు మేలే. ఇప్పుడు కూడా అంత తినట్లేదంటే అప్పుడు తిన్నారన్నది తప్పే. అప్పుడు నా పట్టిక కింద నీ సవరణ వేసి, దాని కింద నీ పేరు వేయిస్తాను. నాదే సరైతే ఆ పేజీ ముట్టుకోబాక" అన్నాడు. శ్వేత పేరు ఇంతవరకు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా అచ్చు కాలేదు. ఆ పేజీ మీద ఆమెకు ఎంత ఆశ కలిగిందంటే, ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు.

పల్లెలో కామయ్య పక్కింటి రెబెకమ్మ అంగన్‌వాడీ టీచరు. కబురు ఆమె ఫోను ద్వారానే వెళ్ళింది. "మామూలుగా ఏం తింటారో అదే వండమనండి. నేను లేనట్టే అనుకోమనండి" అని శ్వేత ఒకటికి రెండుసార్లు చెప్పింది. రెబెకమ్మ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అదే మాట ముసలి వాళ్ళిద్దరికీ చేరవేసింది.

కామయ్య దాన్ని తన అనుభవంతో అర్థం చేసుకున్నాడు. అంగన్‌వాడీలో తక్కువ తూగిన పిల్లకే గుడ్డు ఎక్కువ ఇస్తారు. కాబట్టి గవర్నమెంటు కాటా దగ్గర తక్కువ తూగితే ఏదో ఒకటి వస్తుంది, ఎక్కువ తూగితే ఉన్న రేషన్ కార్డు కూడా పోతుంది. రాఘవమ్మ కూడా తన అనుభవంతోనే అర్థం చేసుకుంది. యూనివర్సిటీ నుంచి చదువుకున్న పిల్ల ఇంటికొచ్చి గిన్నెలు తెరిచి చూస్తుంది. అందులో సంగటి, పచ్చడి కనబడితే ఇక తలెత్తుకు తిరగడం ఎలా? ఆమె రాత్రే మినప్పప్పు నానబెట్టింది. ముఖ్యమైన సంగతులు ఒకరికొకరు చెప్పుకునే అలవాటు ఆ దంపతులకు ఎప్పుడో పోయింది.

తెల్లవారగానే, రాఘవమ్మ పాలు పితకడానికి వెళ్ళిన సందు చూసుకుని, కామయ్య నేతి గిన్నె తువ్వాలులో చుట్టుకుని రెబెకమ్మ ఇంట్లో వాలాడు.

"సాయంత్రం దాకా ఇది నీకాడ దాచిపెట్టు అమ్మే. ముసల్దానికి చెప్పబాక."

ఆయన అటు వెళ్ళాడో లేదో, గోడ మీదుగా రాఘవమ్మ తల కనబడింది. "రెబెకమ్మా, రాత్రి దాకా ఉన్నిన నేతి గిన్నె యాడికి పోయిందో అగపళ్ళేదు. పిల్లి పాలైందేమో! నీకాడ నెయ్యి ఉంటే ఈమ్మా, తర్వాత తీరుస్తాను. మీ పెదనాయనకు చెప్పబాక, దండగంటాడు."

రెబెకమ్మ ఇద్దరికీ మాట ఇచ్చింది. అబద్ధం ఆడకూడదని ఆమె పట్టుదల, అడగనిది చెప్పాల్సిన పని లేదన్నది ఆమె నమ్మకం. నేతిని వేరే గిన్నెలోకి వంచి గోడ మీదుగా అందించింది.

కాసేపటికి కామయ్య గంప కింద ఉన్న కోడిపుంజును చంకలో పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "దీన్ని గూడా ఉంచు. కోడి ఉన్నోడంటే కోటీశ్వరుడని రాసుకుంటారు." ఆ తర్వాత రాఘవమ్మ గోడ దగ్గరికొచ్చింది. గంప కింద కోడి లేదని, కుక్క ఎత్తుకుపోయినట్టుందని వాపోయింది. "పరువు పోయే పని. నీకాడ ఏదన్నా కోడి ఉంటే కోసి ముక్కలు చేసి పంపు తల్లీ."

"కోడైతే ఉండాది పెద్దమ్మా..." అని రెబెకమ్మ ఏదో చెప్పబోయింది.

"ఉంటే చాలు, తొందరగా కానీ" అని రాఘవమ్మ గారెల పిండి రుబ్బడానికి వెళ్ళిపోయింది.

శ్వేత ఆటో దిగేసరికి కామయ్య చిరిగిన బనీనుతో దిగులుగా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే రాఘవమ్మ జరీ అంచు చీర కట్టుకుని నిలబడి ఉంది. ఒకే ఇంట్లో ఒకరు కరువులోనూ ఒకరు పండగలోనూ ఉన్నట్టు కనబడ్డారు. శ్వేత కాటా తీసి అరుగు మీద పెట్టింది.

"మీరు మామూలుగా ఎట్టా తింటారో అట్టే తినండి అవ్వా. దీనికీ రేషన్ కార్డుకీ ఏం సంబంధం లేదు" అంది.

రేషన్ కార్డు అన్న మాట వినగానే కామయ్య అనుమానం బలపడింది. ఆయన లేచి, మందలో బాగా బలిసిన పొట్టేలును తోలుకుని వెనక దారిన బయల్దేరాడు. ఊరి బయట ప్రెసిడెంటు సురేంద్రబాబు తోటలో ఓ చెట్టుకు దాన్ని కట్టేసి, ఇక తనంత పేదవాడు ఊళ్ళో లేడన్న నిశ్చింతతో తిరిగొచ్చాడు.

ఈలోగా కాటా మీదికి గారెలు ఎక్కాయి. తర్వాత నేతిలో తేలుతున్న పాయసం ఎక్కింది. తర్వాత కోడికూర. శ్వేత రాసుకుంటూ ఉంది, ఆమె మొహం వాడిపోతూ ఉంది. వీధిలో జనం పోగయ్యారు. వాళ్ళింటి తిండి తూచి మా ఇంటిది తూచకపోతే మేం గాలి తిని బతుకుతున్నామా అని ఒకరిద్దరు తమ గిన్నెలూ పట్టుకొచ్చారు. కామయ్య వచ్చి ఆ వైభోగం చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏందే ఇదంతా? నెయ్యి యాడిది? కోడెవురిది?"

"రెబెకమ్మ ఇచ్చింది. గమ్మున కూర్చొని తిను."

పరాయి సొమ్మని తెలిశాక కామయ్యకు కొంత ఊరట కలిగింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "మన పుంజు కన్నా ఇదే కండగా ఉండాది" అని మెచ్చుకుని ఇంకోసారి వడ్డించుకున్నాడు. రెబెకమ్మ ఆకాశం వంక చూసింది.

శ్వేత లెక్కలు కూడుకుంది. పాత పుస్తకంలోని అంకెకూ తన అంకెకూ పెద్ద తేడా లేదు. ఇంకొంచెం ఎక్కువే ఉంది. తన పేరున్న పేజీ కళ్ళముందే చిరిగిపోయినట్టనిపించి, చేతిలో ఉన్న గారెను దిగులుగా కొరికింది. గారె మాత్రం చాలా బాగుంది.

సరిగ్గా అప్పుడే వీధిలో హారన్ మోగింది. సురేంద్రబాబు వచ్చాడు. ఆ ఊళ్ళో ఏ పని జరిగినా ముందు తనకు చెప్పాలన్నది ఆయన కోరిక. చెప్పకపోయినా వచ్చేయడం ఆయన అలవాటు. వెనకే వచ్చిన ట్రాలీ ఆటోలో ఒక పొట్టేలు నిలబడి ఉంది.

"మా నాయన ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు మన ఊరి తిండి బుక్కులోకి ఎక్కినాది. నా టయాంలో తగ్గితే ఏం మర్యాద? కామయ్యా, ఇదో, నా తరఫున పొట్టేలు. కొయ్యండి, తూచండి, రాయండి!"

తనకు ఎన్ని గొర్రెలున్నాయో సురేంద్రబాబు ఎన్నడూ లెక్క పెట్టుకోలేదు. తన తోటలో కట్టేసి ఉన్నది తనదేనని అనుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కామయ్య కొట్టలేదు. అప్పటికే ఒకతను కత్తి నూరుతున్నాడు.

"వద్దు బాబూ, దాన్ని కొయ్యబాకండి!" అని కామయ్య అడ్డం పడ్డాడు. "అది ఏఎస్ పేట దర్గాకు మొక్కుకున్న పొట్టేలు!"

కత్తి నూరేవాడు చెయ్యి ఆపాడు.

"నా తోటలో పొట్టేలును నువ్వెప్పుడు మొక్కుకున్నావు కామయ్యా?" అన్నాడు సురేంద్రబాబు.

కామయ్య జవాబు వెతుక్కునేలోపే పొట్టేలు ఆటోలోంచి దూకి, నేరుగా వచ్చి ఆయన పంచె కొస నమలడం మొదలుపెట్టింది. రాఘవమ్మ దాని చెవికున్న గాటు చూసి, తర్వాత మొగుడి మొహం చూసింది.

"ఇది మనదే గదా! మన పొట్టేలు ఆయన తోటలోకి ఎట్టా పోయింది? అయితే నెయ్యి... కోడి..."

అందరూ రెబెకమ్మ వైపు తిరిగారు.

"నన్నెవురన్నా అడిగినారా?" అంది రెబెకమ్మ. "పెదనాయన వచ్చి దాచమన్నాడు, దాచినాను. పెద్దమ్మ వచ్చి ఈమంది, ఇచ్చినాను."

కామయ్య చేతిలోని పళ్ళెం వంక చాలాసేపు చూశాడు. "అయితే నేను తినింది..."

"నీ కోడే పెదనాయనా."

సురేంద్రబాబే ముందు నవ్వాడు. ఆ తర్వాత వీధంతా నవ్వింది. రాఘవమ్మ నవ్వు ఆపుకోలేక జరీ అంచుతో కళ్ళు తుడుచుకుంది. శ్వేత మళ్ళీ మొదటి నుంచి వివరించింది. ఇది కార్డుల కోసం కాదు, పుస్తకం కోసం మాత్రమే అంది. ఈసారి కామయ్య విన్నాడు.

"ఈ మాట పొద్దన్నే చెప్పుంటే కోడి బతికుండేది గదమ్మా" అన్నాడు.

గిన్నెలు తీసుకుని జనం ఇళ్ళకు వెళ్ళాక శ్వేత రాఘవమ్మ పక్కన కూర్చుంది. "అవ్వా, మా పెద్దసారు కుర్రోడుగా వచ్చినప్పుడు గూడా ఇట్టానే పెట్టినారా?"

"మరి? కాటా ఎత్తుకొని అంత దూరం వచ్చిన పిల్లోడికి సంగటి పెడతామా? అప్పుడు గూడా కోడినే కోసినాం. బక్కగా ఉండె పాపం. పాయసం వడ్డించినాక తూచేది మర్చిపోయి తినినాడు."

సాయంత్రం ఆ ఇంట్లో అసలైన వంట మొదలైంది. రాగిసంగటి, శెనక్కాయల పచ్చడి, మజ్జిగ. కడుపు నిండా ఉన్నా ఆ వాసనకు శ్వేత లేచి కూర్చుంది. ఇన్నాళ్ళుగా ఎవరూ తూచనిది ఇదే. ఆత్రంగా కాటా తీసింది. రాఘవమ్మ దాన్ని తీసి గూట్లో పెట్టేసింది.

"పొద్దన్నించి తూచింది చాల్లే. తినమ్మా."

శ్వేత తింది. అంకె దొరకలేదన్న బాధ మొదటి ముద్దకే పోయింది. ఆ అరుగు మీద, ఆ ఇద్దరి మధ్య కూర్చోవడం ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది. ఆఖరి బస్సు సంగతి గుర్తొచ్చి సురేంద్రబాబు బండిలో ఉదయగిరికి పరుగు తీసింది. బస్సెక్కాక జనార్దనయ్యకు ఫోన్ చేసింది.

"సార్, మీ అంకె సరైందే. కానీ..."

"పాయసం పెట్టిందా?" అని అడ్డొచ్చాడాయన.

"పెట్టింది సార్. మీకు అప్పుడే తెలుసా?"

"అనుమానం వచ్చిందమ్మా. అంత పాయసం తిన్నాక అనుమానించబుద్ధి కాలేదు" అన్నాడు. "అంకెలో తప్పు లేదు. శీర్షికే తప్పు. సాధారణ దినం అని రాసినాను. మనం కాటా తీసుకొని గడపలోకి పోయినాక అది సాధారణ దినం ఎట్టా అవుతుంది? ఆ సవరణ నువ్వే రాయి. నీ పేరు పెట్టు."

సూచిక అచ్చయి వచ్చింది. ఆ పేజీలో 'సాధారణ దినం' అన్న చోట 'పరిశీలకులు వచ్చిన దినం' అని ఉంది. పేజీ అడుగున శ్వేత పేరుతో, ఒక్క అచ్చుతప్పూ లేకుండా, ఒక గమనిక అచ్చయింది: "ఇన్నేళ్ళలో ఈ ఇంటి ఆహారంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పరిశీలకులే మారారు."