అక్షరాలా లిస్బెత్

ఆ శనివారం పొద్దున ఆస్గెర్ వేసుకున్న పథకంలో పాట లేదు. భార్య అరవయ్యో పుట్టినరోజుకి ఆమె ఫొటోను అక్షరాల బొమ్మగా మార్చాలి, మధ్యాహ్నం ఊరి హాల్లో కాఫీ వేళ అందరికీ పంచాలి. అంతే.

పాట వద్దన్నది లిస్బెతే. యాభయ్యోదానికి ఆమె అన్న ప్రీబెన్ రాసి, అందరి చేత పాడించడానికి కాగితాల మీద పంచిన పాటలో ఆమె మాడ్చిన బాతు, కాలవలోకి దింపిన కారు, పెళ్లికి ముందటి పోస్ట్‌మాన్ అన్నీ ప్రాసతో సహా ఉన్నాయి. డెన్మార్క్‌లో పుట్టినరోజు పాటను మధ్యలో ఆపడమంటే చర్చిలో ఈల వేయడమే. పద్దెనిమిది చరణాలూ పాడాకే బంధువులు కూర్చున్నారు.

“ఈసారి కూడా అన్నయ్య పాట మొదలైందో, లేచిపోతాను!” అంది లిస్బెత్.

“ఈ వయసులోనా? ఎవరితో?”

“నా కోటుతో! నవ్వకు. పోతే మీ ఎవరి మొహమూ చూడను.”

అందుకని ఆస్గెర్ ముందే బావమరిదికి నోరు కట్టేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఫొటో ఇస్తే అది నలుపున్న చోట బరువైన గుర్తులు, తెలుపున్న చోట తేలికైనవి పేర్చి ముఖం కడుతుంది. మొదటిసారి ముఖమంతా @లు, #లు, !లు వచ్చాయి. కార్టూన్లలో కోపిష్ఠి నోట ఊడిపడే బూతుల్లా ఉన్నాయవి. ఇల్లాలిని బూతులతో నింపితే ఇల్లు నిలవదని గుర్తులు తీసేసి అక్షరాలు పెట్టాడు: జుట్టుకి M, నీడలకి O, బుగ్గలకి i. పైన ‘మన లిస్బెత్‌కి’ అని వేశాడు. దగ్గర్నుంచి చూస్తే అక్షరాల ముద్ద. నాలుగడుగులు వెనక్కి వేస్తే సాక్షాత్తూ లిస్బెత్!

హాల్లో కాగితాల కట్టను కిటికీలో పెట్టి, బీరు పెట్టెలు దింపడానికి కారు దగ్గరికి వెళ్లాడు. అంతలో రాగ్న్‌హిల్డ్ పెద్దమ్మ ఆ కట్ట చూసింది. పుట్టినరోజున కాగితం కనిపిస్తే అది పాటే అని ఆవిడ నమ్మకం. ఊరందరి నమ్మకమూ అదే. ఒక్కో ప్లేటు కింద ఒకటి చొప్పున దాచేసింది.

చేపలు తినడం అయ్యాక పెద్దమ్మ గ్లాసు మీద చెంచాతో కొట్టింది. “లేవండి! పాట!”

ఆస్గెర్ గొంతుకి రొట్టె ముక్క అడ్డం పడింది. లిస్బెత్ అతని వంక చూసిన చూపుకి బంగాళాదుంపలు మళ్లీ ఉడికేవి.

“బావా, వరస ఏదో రాయలేదే?” అన్నాడు ప్రీబెన్, కాగితం తిరగేస్తూ.

“అది పా...” ఆస్గెర్ దగ్గాడు. “పాట కా...”

“పాటకా? పాత వరసేలే, అందరికీ వచ్చినదే!” అంది పెద్దమ్మ. “ఊఁ, కానివ్వండి!”

అందరూ కానిచ్చారు. జుట్టు మొత్తం “మ్మ్మ్మ్” అని బొంగురుగా మూలిగారు. కళ్ల దగ్గర “ఓఓఓ” అని విలపించారు. బుగ్గలకు వచ్చేసరికి “ఈఈఈ” అని కీచుమన్నారు. “కొత్త రకం కవిత్వం,” అని పక్కవాడికి చెప్పాడొక మేనల్లుడు. ఎవరూ ఆగలేదు.

లిస్బెత్ కుర్చీ వెనక్కి తోసి, తలుపు దగ్గర కోటు అందుకుంది. పాట వద్దంటే, ఇన్ని పాట్లకు తెగించాడా? ఒక చెయ్యి తొడుక్కుని, తిట్టడానికి వెనక్కి తిరిగింది.

ఆమె వైపు వీపులు పెట్టి నిలబడ్డవాళ్ల భుజాల మీదుగా, వరుసగా ఎత్తి పట్టుకున్న కాగితాల్లోంచి, ఆమే నవ్వుతోంది. ఒకచోట కాదు, వరస పొడుగునా.

“ఆగండి! అది పాట కాదు, నేను!”

ఎవరూ ఆగలేదు. మెడ దాకా పాడాలి కదా.

ఆమె కోటుతోనే వచ్చి భర్త పక్కన నిలబడి, తన గడ్డం తానే పాడింది, కళ్ల నీళ్లతో. “బాతు లేదు, కారు లేదు, పోస్ట్‌మాన్ లేడు. ముఖస్తుతి అంటే ఇదయ్యా!” అంది.

చప్పట్లు ఆగాక ప్రీబెన్ కాగితాన్ని మడిచి, అద్దాలు తుడుచుకున్నాడు.

“బాగానే ఉంది బావా,” అన్నాడు. “ముక్కు దగ్గర మాత్రం ప్రాస తప్పింది.”