మావారి రేసింగ్ లైను

మా ఇంట్లో స్తుతి అంటే నేనొక్కదాన్నే. మా నాన్న ముచ్చటపడి పెట్టిన పేరు. పెళ్లయ్యాక ఆ పేరు పెట్టి పిలిచేవాళ్లే గాని, ఆ పని చేసేవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

మావారి పేరు కరుణాకర్. సత్తెనపల్లిలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. స్నేహితులు మాత్రం గేరుణాకర్ అంటారు. కారు మాట ఎత్తకుండా ఆయన అన్నం ముద్ద మింగలేరు.

కారంటే ఏదో పెద్దది అనుకునేరు. సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఎర్ర కారు. దాని వెనక రెక్కలాంటిది ఒకటి బిగించారు. ఇదెందుకండీ అని అడిగితే, వేగంగా పోయేటప్పుడు కారు గాల్లోకి లేవకుండా నేలకి అదిమి పెడుతుందన్నారు. నరసరావుపేట రోడ్డు గుంతల్లో కారు ఎగిరిపడటం చూశాను గాని, రెక్క అదమడం ఇంతవరకు చూడలేదు. తరవాత సైలెన్సర్ మార్పించారు. దానివల్ల నాకు ఒక మేలు జరిగింది. ఆయన కొట్టు దగ్గర బండి స్టార్టు చేయగానే ఇంట్లో నేను పప్పుకి తాలింపు పెట్టుకోవచ్చు.

నాకూ లైసెన్సు ఉంది. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నాను. అయితే లైసెన్సు నా బీరువాలో, కారు తాళం ఆయన జేబులో.

ఇలా ఉండగా దాచేపల్లిలో మా అక్క శాంతికి కవలలు పుట్టారు. ఇద్దరూ ఒకేసారి ఏడుస్తారు, వంతులేసుకుని నిద్రపోతారు. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వద్దామంటే బస్సులతో అయ్యే పని కాదు. కారు ఇవ్వండి అంటే మావారు చూద్దాం అంటారు. ఒకరోజు అక్క ఫోన్ చేస్తే మూడు ఏడుపులు వినిపించాయి. ఇక లాభం లేదని ఆ పూట టిఫిన్ దగ్గర, అత్తగారి ఎదుటే తాళం అడిగేశాను.

మా అత్తగారు జయకుమారి గారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆవిడ ఎదుట అన్న మాట బోర్డు మీద రాసినట్టే. చెరపాలంటే డస్టర్ కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.

మావారు ఇడ్లీ తుంచడం ఆపి కాసేపు ఆలోచించారు. తరవాత ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడారు. మార్టూరు అవతల ఒక గ్రానైటు కంపెనీ రాళ్లు పేర్చుకోవడానికి తారు వేయించిన పెద్ద మైదానం ఉందట. అక్కడ హైదరాబాదు వాళ్లెవరో వచ్చి కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఒకరోజు పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ కోర్సు పెడుతున్నారట. ఒక కారుకి ఇద్దరు రావచ్చట.

"పెర్ఫార్మెన్స్ అంటే స్టేజీ ఎక్కాలా?" అన్నారు అత్తగారు.

"కాదమ్మా. వేగంగా, ఒడుపుగా నడపడం." నా వైపు తిరిగారు. "స్తుతీ, ఆ కోర్సు పూర్తి చేసి కారు నువ్వే నడుపుకుంటూ మన గేటులోకి రా. ఆ క్షణం నుంచి తాళం నీది. భయపడి మధ్యలో దిగిపోయావా, ఇక జన్మలో తాళం అడగకూడదు."

"నేను విన్నాన్రా," అన్నారు అత్తగారు. అంటే బోర్డు మీద రాసేశారన్నమాట.

మనసు ఇంత వెన్నలా ఎప్పుడు మారిందా అనుకున్నాను. సాయంత్రం వరండాలోంచి ఆయన ఫోను మాటలు వంటింట్లోకి వినిపించాయి. మావారి గుసగుస కూడా సైలెన్సర్ మార్పించినట్టే ఉంటుంది. అవతల ఉన్నది మార్టూరులో రాళ్ల పాలిషింగు యూనిట్ నడిపే స్నేహితుడు బుడాన్. "ఒక్క రౌండు గట్టిగా తిప్పితే చాలు బుడాన్ భాయ్, దెబ్బకి తనే వెళ్లి బస్సు పాసు తీసుకుంటుంది," అని చెబుతున్నారు.

నేను పోపు గరిట గట్టిగా తిప్పాను.

ఆ తరవాతి శనివారం మార్టూరు వెళ్లాం. మైదానం చుట్టూ పత్తి చేలు. ముందురోజు వాన పడి నల్లరేగడి నిగనిగలాడుతోంది. వచ్చినవాళ్లంతా నల్ల గ్లవుజులు, నల్ల కళ్లద్దాలు, నల్ల టీషర్టులతో ఏదో సంతాపసభకి వచ్చినట్టున్నారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. వయసులోనూ అందరికంటే చిన్నదాన్ని. చున్నీ నడుముకి బిగించి, జడ ముడివేసి, హెల్మెట్‌లోకి తల దూర్చేసరికి ఎవరో నీళ్లబిందె బోర్లించినట్టయింది.

నేర్పించే అబ్బాయి పేరు ఆత్రేయ. సన్నగా, పెళ్లిచూపుల్లో కూర్చున్నవాడిలా నెమ్మదిగా మాట్లాడతాడు. ముందు షామియానా కింద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. స్టీరింగ్ తిప్పినా వినిపించుకోకుండా కారు తన దారిన తను ముందుకే పోతే అండర్‌స్టీర్ అట. కాస్త తిప్పామో లేదో వెనక భాగం గిర్రున తిరిగి మన మీదికే వస్తే ఓవర్‌స్టీర్ అట. నాకు వెంటనే అర్థమైంది. మొదటిది మావారు. రెండోది మా అత్తగారు.

రెండిట్లో ఏది ప్రమాదమండీ అని అడిగాను. రెండోది కొత్తవాళ్లు అదుపు చేయలేరనీ, దాన్ని రెచ్చగొట్టకపోవడమే ఉత్తమమనీ చెప్పాడు. ఈ కోర్సు పెళ్లికి ముందే చేసి ఉండాల్సింది.

మైదానంలో మలుపులు తెలియడానికి ఎర్రటి ప్లాస్టిక్ కోన్లు కుప్పలు కుప్పలుగా పెట్టారు. ప్రతి మలుపుకీ ఒక లైను ఉంటుందట. బయటి అంచు నుంచి వచ్చి, లోపలి కోన్లని రాసుకున్నట్టు పోయి, మళ్లీ బయటికి రావాలి. కోన్లకి ఎంత దగ్గరగా పోతే అంత మంచిది.

మొదట మావారు బయల్దేరారు. సైలెన్సర్ ఘనంగా పని చేసింది. కోన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కారు బస్సంత ఎడం ఇచ్చి చుట్టూ తిరిగిపోయింది. రెండో మలుపులోనూ అంతే. ఆత్రేయ దగ్గరగా, ఇంకా దగ్గరగా అని వాకీటాకీలో చెబుతూనే ఉన్నాడు. మూడో మలుపులో మావారు ఇంకాస్త దూరం జరిగారు.

తరవాత వెళ్లిన బుడానూ అలాగే చేశాడు. ఆయన వెనక వెళ్లిన చిలకలూరిపేట పత్తిమిల్లు యజమానీ అంతే. హైదరాబాదులో ఇలాంటి జబ్బు ఎప్పుడూ చూడలేదని ఆత్రేయ తల పట్టుకున్నాడు.

జబ్బు ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. మా అత్తారి వైపు వేసవి వస్తే రోడ్డు అంచునే మిరపకాయలు ఎండబోస్తారు. కళ్లు తెరిచిన దగ్గర్నుంచి ఎర్ర కుప్ప కనపడితే పక్కకి తప్పుకోవడమే అందరికీ అలవాటు. ఎవరి కాయల మీదైనా చక్రం ఎక్కిందంటే ఆ గొడవ పంచాయితీ దాకా పోతుంది. మా మామగారు బతికున్నప్పుడు ఒకసారి మావారు సైకిలుతో కుప్ప తొక్కి, ఆ రైతు చేత ఒకటీ, తండ్రి చేత రెండూ తిన్నారు.

"కరుణాకర్ గారూ, అవి మిరపకాయలు కావండీ. ప్లాస్టిక్," అన్నాడు ఆత్రేయ బతిమాలుతున్నట్టు.

"నాకు తెలుసండీ. కారుకే తెలీదు," అన్నారు మావారు.

నా వంతు వచ్చింది. పక్క సీట్లో ఆత్రేయ కూర్చున్నాడు. కారు కదిలీ కదలకముందే ఇంజన్ ఆగిపోయింది. షామియానా దగ్గర మావారు బుడాన్ భుజం తట్టడం అద్దంలో కనిపించింది. రెండోసారీ ఆగింది. దిగిపోదామనిపించిన మాట నిజం. అక్క ఫోనులో వినిపించిన మూడు ఏడుపులు గుర్తొచ్చి దిగలేదు.

కొత్తవాళ్లకి నేర్పడమే తనకి సుఖమని ఆత్రేయ అన్నాడు. పాత అలవాట్లు వదిలించే పని ఉండదట. కారుకి కళ్లు మనవేననీ, అడ్డం వచ్చేదాన్ని కాకుండా ఎటు వెళ్లాలో అటే చూడమనీ చెప్పాడు. మొదటి పరీక్ష బ్రేకు. వేగంగా వచ్చి, గీత దగ్గర పూర్తి బలంతో తొక్కాలి. మొహమాటపడితే బండి ఆగదు.

"ఎవరిమీదైనా కోపం ఉంటే గుర్తు తెచ్చుకుని తొక్కండి మేడమ్."

ఎదురుగా గీత అవతల మావారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నాకు గుర్తు తెచ్చుకునే శ్రమ కూడా లేకపోయింది.

కారు ముక్కు నేలకి ఆనినంత పనై నిలబడింది. అదే ఊపులో సీట్ల కింద నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. వేసవిలో మావారు మిరపకాయల శాంపిల్ బస్తాలు ఇదే కారులో వేసుకుని గుంటూరు యార్డుకి తిరిగారు. ఆ గింజలూ పొడీ ఇన్నాళ్లూ కింద హాయిగా నిద్రపోతున్నాయి. ఏసీ గాలి వాటిని లేపి కారంతా తిప్పింది.

ఆత్రేయ హెల్మెట్ లోపల తుమ్మాడు. హెల్మెట్ లోపల తుమ్మడం ఎంత కష్టమో ఎప్పుడైనా చూస్తే తప్ప తెలియదు. మళ్లీ తుమ్మాడు. కళ్లవెంట ధారగా నీళ్లు. నాకు మాత్రం ఏమీ కాలేదు. ఏటా గొడ్డుకారం ఇంట్లో దంచుకునేదాన్ని, ఈ పాటి దుమ్ము నాకొక లెక్కా? తుమ్ముల మధ్యే అతను దారి చెబుతుంటే, ఎటు వెళ్లాలో అటే చూస్తూ కోన్ల పక్కగా మూడు మలుపులూ తిరిగి వచ్చి ఆపాను. మా పుట్టింటి ఊళ్లో సిమెంటు లారీలే గాని మిరప కుప్పలు లేవు. ఎరుపంటే నా చేతులకి భయం లేదు.

ఆత్రేయ కళ్లు తుడుచుకుంటూ దిగి, అందరూ వినేలా, "మేడమ్ లైను చాలా బాగుంది," అన్నాడు.

మావారి చెవులు కారు రంగుకి వచ్చాయి. నన్ను పక్కకి పిలిచారు.

"ఏంటట వాడు? కళ్లనీళ్లు పెట్టుకుని మరీ లైను వేస్తున్నాడు?"

"లైను నేను వేశానండీ. ఆయన బాగుందన్నారు, అంతే."

ఈ జవాబు ఆయనకి ఓదార్పుగా అనిపించినట్టు లేదు. తను ఇంకో రౌండు తిప్పుతానంటూ, ఎవరూ పిలవకుండానే కారెక్కారు. ఈసారి కోన్లని రాసుకునే పోతానని బుడాన్‌కి చెప్పి మరీ వెళ్లారు. మొదటి మలుపులో నిజంగానే దగ్గరగా పోయారు. రెండోది కూడా. ఆఖరి మలుపులో ఎర్ర కుప్ప పెద్దది. ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి. ఆఖరు క్షణంలో చేతులు చిన్నప్పటి దెబ్బలు తలుచుకున్నాయి కాబోలు, కారు ఒక్కసారిగా పక్కకి తిరిగి, తారు దిగి, పత్తి చేలోకి నడిచింది. రేగడిలో ముందు చక్రాలు సగం దాకా దిగాక శాంతించింది.

రెక్క ఆ రోజు మొదటిసారి పని చేసింది. కారుని నేలకి గట్టిగా అదిమి పెట్టింది.

బుడాన్ తన యూనిట్ నుంచి ట్రాక్టరు పిలిపించి లాగించాడు. మావారు మోకాళ్ల దాకా నల్లమట్టితో నిలబడి, టైర్లలో గాలి గురించి అందరికీ వివరించారు. అంతా విని ఆత్రేయ, ట్రాక్ దిగినవాళ్లు ఆ రోజుకి స్టీరింగ్ ముట్టుకోకూడదన్నది తమ కోర్సు నియమమని చెప్పాడు. ఇంటికి కూడా మేడమ్ నడిపితేనే మంచిదన్నాడు. అని ఇంకోసారి తుమ్మాడు.

అలా మార్టూరు నుంచి నేనే నడిపాను. చిలకలూరిపేట దాటేవరకు మావారు కిటికీలోంచి పత్తి చేలు చూశారు. నరసరావుపేట నుంచి సలహాలు మొదలుపెట్టారు. గేరు మార్చు, లారీ వస్తోంది, గేదె చూస్తోంది. గేదె చూస్తే నేనేం చేయాలో చెప్పలేదు.

మా వీధి మలుపులో బేకరీ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతులో తేనె కలిసింది.

"ఇక్కడ ఒక్క నిమిషం ఆపు స్తుతీ. ఇక్కణ్నుంచి నేను తీసుకెళ్తా. వీధిలో నలుగురూ ఉంటారు కదా. తాళం నీకే ఇచ్చేస్తాలే, మనిద్దరి మధ్య మాట."

పాత స్టాకు విత్తనాల ప్యాకెట్టు దుమ్ము దులిపేటప్పుడు ఆయన ముఖం ఇలాగే ఉంటుంది. కారు ఆయన నడుపుతూ గేటులోకి వెళ్తే, వరండాలో కూర్చున్న అత్తగారు చూసేది ఏమిటి? కోడలు భయపడి దిగిపోయిందని. బోర్డు మీద మాట బోర్డు మీదే ఉంటుంది. అక్కకి నేను మళ్లీ బస్సులోనే.

"సరేనండీ," అని కారు ఆపాను.

ఆయన హెల్మెట్ పట్టుకుని ఉత్సాహంగా దిగారు. కారు వెనక నుంచి చుట్టి నా వైపు వస్తున్నారు. ఎటు వెళ్లాలో అటే చూడమన్నాడు ఆత్రేయ. నేను మా గేటు వైపు చూశాను.

గేటులోకి ఒకే ఊపులో తిప్పి, మా చిన్న వాకిట్లో ఆపి దిగాను. అత్తగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"వాడేడీ?"

"మలుపులో దిగారత్తయ్యా. నడిచి వస్తున్నారు."

హెల్మెట్ చంకలో, మోకాళ్ల దాకా మట్టితో మావారు వీధంతా పలకరింపులు అందుకుంటూ వచ్చారు. అత్తగారు ఆయన్ని పై నుంచి కింది దాకా ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చూశారు.

"ఒరేయ్ కరుణా, కాళ్లు కడుక్కో. తాళం దాని దగ్గరే ఉంటుంది," అన్నారు.

సోమవారం పొద్దున నేను దాచేపల్లికి బయల్దేరేసరికి అత్తగారు కవలల కోసం కుట్టిన చొక్కాల సంచీతో ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. మావారు గేటు తీసి, కదలకుండా నిలబడ్డారు. బైకు అమ్మి సైలెన్సర్ మార్పించుకున్న మనిషికి కొట్టుకి వెళ్లే మార్గం ఇంకోటి లేదు.

"దారిలోనేగా, నన్ను దింపి పోరాదూ?" అన్నారు నేల చూస్తూ. వెనక డోరు తీసుకుని ఎక్కాక, "కొట్టు ముందు మాత్రం ఆపకు. రైతులుంటారు," అన్నారు.

కొట్టు ముందే ఆపమన్నారు అత్తగారు. ఆపాను.

విత్తనాల కోసం వచ్చిన నతానియేలు తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, స్టీరింగ్ దగ్గర ఉన్న నన్ను చూసి ముచ్చటపడ్డాడు. అమ్మాయికి కారు ఎవరు నేర్పారని అడిగాడు.

మావారు గొంతు సవరించుకున్నారు. "నేనే నేర్పించాను తాతా. దగ్గరుండి."

తాత కిటికీలోంచి వంగి ముందు సీటూ, వెనక సీటూ చూశాడు.

"మరి నిన్ను వెనకాల కూకోబెట్టిందేందయ్యా?"

మావారు షట్టరు ఎత్తడానికి వెళ్లారు. నేను గేరు వేశాను.