క్లిప్‌బోర్డులో పెళ్ళికూతురు

మంగళవారం పొద్దున నాగలక్ష్మమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదా అయినది. కరెంటు పోయేలోగా సభ నోటీసులు అచ్చు తీయాలి, మధ్యాహ్నం బస్సులకు అందించాలి, ఇంటికి పోయి వేడివేడి సంగటి తినాలి. గోరంట్లలోని ఒక చిన్న నీటి సంఘంలో ఆమె టైపిస్టు. ఆ ఏడు, అంటే ఎనభై తొమ్మిదిలో, తెలుగు అక్షరాలు వచ్చే కంప్యూటరు ఒకటి సంఘానికి విరాళంగా వచ్చింది. ఆనాటి నుంచి దానికి పూజారి కూడా ఆమే.

దగ్గర్లోని వంకకు, అంటే వాగుకు, అడ్డంగా చెక్‌డ్యాం కట్టించాలని సంఘం కార్యదర్శి ఈశ్వరప్ప ఏళ్ళ తరబడి తిరుగుతున్నాడు. మంజూరు చేయవలసిన ఇంజనీరు గంగాధరప్ప పెట్టిన షరతు ఒక్కటే. వంక వెంబడి ఉన్న ప్రతి ఊరి నుంచీ జనం వచ్చి, పనిలో చెయ్యి వేస్తామని తన ఎదుట ఒప్పుకోవాలి. రెండుసార్లు సభ పెడితే రెండుసార్లూ కుర్చీలు మాత్రమే వచ్చాయి. ఈ శుక్రవారం కూడా అంతే అయితే చెక్‌డ్యాం మరో మండలానికి వెళ్ళిపోతుంది. నాగలక్ష్మమ్మ పుట్టిన ఊరు ఆ వంక పక్కనే. అక్కడ ఆమె తమ్ముడు నాగన్న, బావి ఎండిపోయి, బెంగుళూరు కూలికి మూట కట్టుకుని, అక్క మాట మీద ఈ సభ కోసమే ఆగి ఉన్నాడు.

నోటీసులో పైన ఊరి పేరు, తేదీ, చోటు ఉంటాయి. అడుగున ఈశ్వరప్ప పేరు, నడుమ విషయం. ఊరూరికీ విడిగా కొట్టే శ్రమ తప్పించుకోవడానికి ఆమె ఎడిటర్‌లో, అంటే కంప్యూటరులో అక్షరాలు కొట్టే ప్రోగ్రాంలో, ఒక మాక్రో రాసింది. ఒక్క మీట నొక్కితే చెప్పిన పనులన్నీ వరసగా చేసుకుపోయే ఆజ్ఞల మూట అది. నడుమ రావలసిన విషయాన్ని అది క్లిప్‌బోర్డు నుంచి, అంటే చివరిసారి నకలు తీసిన మాటలు దాగి ఉండే అరలోంచి, తీసుకోవాలి. అయితే ఎడిటర్ తయారు చేసినవాళ్ళు జాగ్రత్తపరులు. మాక్రోలు ఆ అరలో చెయ్యి పెట్టకుండా తలుపు మూసి ఉంచారు. సెట్టింగు మార్చి తలుపు తెరవవచ్చును గాని, తెరిస్తే ఎవరు చివరగా ఏది పెట్టారో అదే బయటికి వస్తుందని దానితో వచ్చిన పుస్తకంలో హెచ్చరిక రాశారు. నాగలక్ష్మమ్మ ఆ హెచ్చరికను శ్రద్ధగా చదివింది. ఆఫీసులో ఈ యంత్రాన్ని ముట్టుకునేది తానొక్కతే కదా అని తలుపు తెరిచింది. ఆమె తర్కంలో లోపం లేదు. ఆ రోజు ఈశ్వరప్పకు అతిథి రావడమే లోపం.

ఆమె సభ విషయాన్ని నకలు తీసి, ఒక నోటీసు అచ్చు వేసి, సరిగ్గా ఉందని తృప్తిపడి, కాగితం అయిపోవడంతో బజారుకు వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే వంక ఎగువనున్న ఊరి పెద్ద ఎర్రిస్వామి వచ్చాడు. వానలు మొహం చాటేసిన ఏడు గాడిదలకు పెళ్ళి చేయడం ఆ సీమలో ఆనవాయితీ. వరుడు ఒక ఊరిదైతే వధువు పొరుగూరిది కావాలి. పిలుపు అందుకున్న ఊరు కదలకపోతే, వాన ఆ ఒక్క ఊరినీ తప్పించి కురుస్తుందని నమ్మకం. పొరుగూరికి పంపవలసిన పిలుపు రాయించుకోవడానికి వచ్చిన ఎర్రిస్వామికి, కంప్యూటరు మహిమ చూపించాలని ఈశ్వరప్పకు సరదా పుట్టింది. పిలుపును తానే కొట్టి, చుట్టూ పూల అంచున్న మరో పుటలోకి చేర్చడానికి నకలు కూడా తీశాడు. అప్పుడు గాని కాగితం లేదన్న సంగతి తెలియలేదు. చేత్తో రాసిచ్చి, తెర శుభ్రం చేసి, అతిథితో కలిసి టీకి వెళ్ళాడు. తెర మీది మాటలు పోయాయి, అరలోవి పోలేదు.

నాగలక్ష్మమ్మ తిరిగి వచ్చేసరికి కరెంటు పోయే వేళ దగ్గర పడింది. మీట నొక్కింది. ప్రింటరు గరగరలాడింది. రాలిన కాగితాన్ని రాలినట్టే మడిచి, పిన్ను కొట్టి, అటెండరు ఇమాం హుస్సేన్ బస్సు కండక్టర్ల చేతుల్లో పెట్టి వచ్చాడు. సంగటి వేడిగానే దొరికింది.

గురువారం సాయంత్రం, బట్టల మూటలు మోసే గాడిద ఒకటి ఉన్న ఓబులమ్మ, వంక దిగువ ఊరి నుంచి ఆఫీసు మెట్లెక్కింది.

"అమ్మా, మా గాడిదకు చీర కట్టల్లా, పరికిణీ చాలునా? కాగితంలో రాయలేదే."

"ఏ గాడిదకు?"

"పెండ్లికూతురికి. ఊరంతా దండోరా వేసినారు. మేళం గూడా మాట్లాడినారు."

ఓబులమ్మ చేతిలోని కాగితంలో పైన శుక్రవారం, సంఘం ఆఫీసు ఆవరణ అని ఉంది. నడుమ ఇలా ఉంది: "వాన కోసము గాడిదల పెళ్ళి నిశ్చయమైనది. వరుడు సిద్ధముగా ఉన్నాడు. వధువును అలంకరించి, మేళతాళాలతో, ఊరంతా కలిసి తీసుకొని రావలెను." నాగలక్ష్మమ్మ ఆ కాగితం నుంచి మీట దాకా, మీట నుంచి అర దాకా, అర నుంచి తన సెట్టింగు దాకా వెనక్కి నడిచింది. దారిలో ఇంకెవరో ఉన్నారని అర్థమై ఈశ్వరప్ప గదిలోకి వెళ్ళింది.

"సార్, మంగళవారం మిషన్ ముట్టుకున్నారా?"

"ఎర్రిస్వామికి ఊరికే చూపించినాలేమ్మా. పిలుపు కొట్టి కాపీ చేసినా. అచ్చు గూడా వేయలేదు."

"మీరు వేయలేదు సార్. నేను వేసినా. అన్ని ఊళ్ళకూ పోయినాయి."

ఈశ్వరప్ప కాగితం చదివి మెల్లగా కూర్చున్నాడు. "అన్ని ఊళ్ళూ పెండ్లికూతురినే తెస్తాయా?"

"రాసింది అదే సార్."

"వరుడు సిద్ధంగా ఉన్నాడని రాసి, కింద నా పేరుండాది కదమ్మా."

బస్సులు పోయి రెండు రోజులైంది. ఆమె చేయగలిగినది ఒక్కటే మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సెట్టింగులో ఆ తలుపు మూసింది.

శుక్రవారం తెల్లవారేసరికి ఊళ్ళకు ఊళ్ళే దిగాయి. ఒక వధువు నొసట బాసికం, ఒక వధువు మెడలో కనకాంబరాల దండ, ఓబులమ్మ గాడిద వీపున ధర్మవరం చీర. తన ఊరికీ ఆ కాగితమే చేరడంతో, పెళ్ళి బరువు సంఘమే మోస్తున్నదని సంబరపడి, ఎర్రిస్వామి తన వరుణ్ణి తోలుకొచ్చాడు. అప్పుడు గాని తమతో పాటు ఇంకెందరు వియ్యంకులు వచ్చారో ఎవరికీ తెలియలేదు. మా పిల్లే పెళ్ళికూతురంటే మా పిల్లే అని కేకలు లేచాయి. మేళాలు పోటీపడి ఒకదాన్నొకటి ముంచేశాయి. ఆ సందడి నడుమ ఇంజనీరు జీపు ఇరుక్కుని ఆగింది.

"ఏమప్పా ఈశ్వరప్పా, సభ యాడ?" అన్నాడు గంగాధరప్ప.

ఈశ్వరప్ప నాగలక్ష్మమ్మ వైపు తిరిగాడు. జనంలో నాగన్న కనిపించాడు; చంకలో మూట అలాగే ఉంది. నాగలక్ష్మమ్మ మెట్టు మీద నిలబడి మేళాలను ఆపమంది. తప్పు తనదీ యంత్రానిదీ అని, పిలవదలచింది చెక్‌డ్యాం సభకని దాచకుండా చెప్పింది. మోసం చేసినారని కొందరు గాడిదలను వెనక్కు తిప్పబోయారు.

"పోండి, ఆపేటోళ్ళు లేరు," అందామె. "పోయే ముందు ఒక్క మాట చెప్పండి. ఇంత మేళం పెట్టి వానను పిలుస్తాండారు గదా. ఆ వానే వస్తే యాడ కూచోబెడతారు? పోయిన ఏడు వచ్చింది వంకలో పడి పోయింది. ఒక్కరైనా నిలబెట్టుకున్నారా?"

వెనక్కు తిరగబోయిన గాడిదలు సగంలోనే ఆగాయి.

"పిలిచినోళ్ళే పీట వెయ్యల్ల," అంది ఓబులమ్మ, పనికి ఒప్పుకుంటూ చెయ్యెత్తి. ఆమె వెనక ఊరు ఎత్తింది. దాని వెనక మరో ఊరు. వాన తమ ఊరిని తప్పించుకుని పోతుందన్న భయం ఉండనే ఉంది కనుక, ఏ ఊరూ చివరిది కాదలచుకోలేదు.

గంగాధరప్ప తలలు చూశాడు, చేతులు చూశాడు. అయినా ఒక చిక్కు ఉందన్నాడు. ఆ వాలులో ట్రాక్టరు దిగదు, రాళ్ళు మోసేదెవరు? అడుగుతూ అడుగుతూనే అతని చూపు బాసికాల మీద పడింది.

"ఈ పెండ్లికూతుళ్ళు మోస్తాయామ్మా?"

"అత్తగారిల్లు యాడుందో చూపించు సామీ, మోస్తాయి," అంది ఓబులమ్మ.

సంతకం అక్కడే, జీపు బానెట్ మీద పడింది. వియ్యంకుల తగవు మాత్రం తెగలేదు. చివరకు ఎర్రిస్వామి విసుగెత్తి, వచ్చిన వధువులన్నిటికీ పసుపుతాడు కట్టించేశాడు. మరుసటి వారం వంకలో పని మొదలైంది. నాగన్న మూట విప్పి, అందులోని పాత పంచెను తలకు చుట్టుకుని రాళ్ళెత్తాడు. బాసికాలు ఊడదీసుకున్న పెళ్ళికూతుళ్ళు బారులు తీరి వాలు దిగాయి.

వరుడు మాత్రం ఒక్క రాయీ మోయలేదు. అన్ని ఊళ్ళకు అల్లుడైనవాడికి పని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.