నల్లా నీళ్ల మైలు

చింతబాయి పురపాలక సంఘంలో నల్లా నీళ్లు బాగాలేవని ఫిర్యాదు చేయదలచినవారు, ముందుగా అవే నీళ్లు నాలుగు గిలాసలు తాగి ఒక మైలు పరుగెత్తవలసి ఉంటుంది. ఈ నియమం వచ్చి పదకొండేళ్లయింది. అంతకుముందు దరఖాస్తులు తీసుకునేవారు. అవి బీరువాల్లో పట్టకపోవడంతో ఈ పద్ధతి పెట్టారు. మైదానం చుట్టూ నాలుగు చుట్లు, ప్రతి చుట్టుకూ ముందు ఒక గిలాస. నాలుగు చుట్లకూ కలిపి మైలుకు తొమ్మిది మీటర్లు తక్కువ పడుతున్నదని ఎవరో కనిపెడితే, అధికారులు స్వయంగా టేపు పట్టుకొని బయలుదేరే గీతను తొమ్మిది మీటర్లు వెనక్కి జరిపించారు. కొలతల విషయంలో సంఘానికి మంచి పేరుంది. వాంతి చేసుకున్నవాళ్లు ఇంకో చుట్టు అదనంగా తిరగాలి. అంతా పదమూడు నిమిషాల్లో ముగియాలి.

మాణెమ్మకు నలభై ఏడేళ్లు. బీడీలు చుడుతుంది. పొద్దంతా చేట ఒళ్లో పెట్టుకొని కూర్చునే మనిషి, బడి మానేశాక ఎన్నడూ పరుగెత్తి ఎరుగదు. ఆమె ఉండే వాడలో నల్లా పైపు మురుగు మోరీలోంచి వస్తుంది. ఆ వానాకాలం ఆమె భర్త కొమురయ్యకు రెండోసారి కామెర్లు వచ్చాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె ఊరుకుంది. ఈసారి చీర కుచ్చిళ్లు సర్దుకొని ఆఫీసుకు వెళ్లింది.

నీటి విభాగం ఇంజనీరు వామన్‌రావు మర్యాదస్తుడు. ఆమెను కూర్చోబెట్టి నియమాలన్నీ చదివి వినిపించాడు.

“మొత్తం ఉరికితే ఏమైతది సారు?” అని అడిగింది మాణెమ్మ.

“నీళ్లు మంచివే అని తేలుతదమ్మా. తాగి మైలు ఉరికిన్రు గదా.”

“ఉరకకపోతే?”

“ఫిర్యాదు చేసే అర్హత లేదని తేలుతది.”

“మరి నీళ్లు మంచిగ లేవని ఎట్ల తేలుతది?”

వామన్‌రావు సొరుగు తెరిచి వెతికాడు. “దానికి ఫారం ఇంకా అచ్చు కాలేదమ్మా,” అన్నాడు. ఆమె ముఖం చూసి జాలిపడి, ఇంకో మాట చెప్పాడు. పరుగు పూర్తి చేసినవాళ్లకు కమిషనర్‌తో రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఉంటుంది. ఏం చెప్పుకున్నా ఆయన వింటారు. వినాలని నియమం ఉంది.

ఆ రెండు నిమిషాల కోసమే మాణెమ్మ సంతకం పెట్టింది.

మొదటిసారి మూడో గిలాస దగ్గర వాంతయింది. అదనపు చుట్టు రాశారు. నాలుగో చుట్టు సగంలో మోకాళ్లు పట్టుకొని కూలబడింది. ఫిర్యాదు తిరస్కరించారు. మూడు నెలల తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చన్నారు. వెళ్లేటప్పుడు ఆమె వామన్‌రావు బల్ల మీద మూత బిగించిన నీళ్ల సీసా చూసి, “మీరు ఈ నీళ్లు తాగరా సారు?” అని అడిగింది.

“నేను ఫిర్యాదుదారును కాదు గదమ్మా,” అన్నాడు ఆయన.

మూడు నెలలూ ఆమె అభ్యాసం చేసింది. తెల్లవారగానే మైదానానికి వెళ్లేది. పక్కింటి సత్తెమ్మ గిలాసలు పట్టుకొని వెంట వచ్చేది. నీళ్లు నాలుకకు తగలకుండా గొంతులో పోసుకోవడం నేర్చుకుంది. మోరీ వాసన మొదటి నెల తెలిసేది, రెండో నెల తెలియలేదు. పరుగెత్తుతున్నంతసేపూ కమిషనర్‌తో చెప్పవలసిన మాటలు లోపల కూర్చుకునేది. పైపు ఎక్కడ పగిలిందో, ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో, కొమురయ్య కళ్లు ఏ రంగులో ఉన్నాయో అన్నీ వరుసగా పెట్టుకుంది. గడియారం చూసి చెప్పుకుంటే సరిగ్గా రెండు నిమిషాలు వచ్చింది.

రెండోసారి వాడంతా వచ్చింది. నాలుగో చుట్టులో పోయినసారి కూలబడిన చోటు వచ్చింది. ఆగిపోదామనుకుంది. మైదానం గోడ అవతలినుంచి సత్తెమ్మ గొంతు వినబడింది: “ఉరుకక్కా, ఇంకింతే!” ఆగడం ఆమెకు చేతకాలేదు. పన్నెండు నిమిషాల నలభై సెకన్లకు గీత దాటింది. ఆడవాళ్లు ఈలలు వేశారు.

గీత పక్కనే కుర్చీలో కమిషనర్ కూర్చొని ఉన్నాడు. “చెప్పమ్మా,” అని గడియారం చూసుకున్నాడు.

మాణెమ్మ నోరు తెరిచింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. ఒక చేయి పక్కటెముకల మీద పెట్టుకొని, రెండో చేత్తో వాడ వైపు చూపించింది. కమిషనర్ ఓపికగా అటు చూశాడు. అక్కడ జనం చప్పట్లు కొడుతున్నారు. ఆయన కూడా కొట్టాడు. రెండు నిమిషాలూ ఆయన కదలలేదు, ఫోను ఎత్తలేదు. సమయం ముగిశాక గుమాస్తా పుస్తకంలో, “ఫిర్యాదుదారు ఏమీ చెప్పలేదు. నీరు ఉత్తమం,” అని రాసి ఆమె సంతకం తీసుకున్నాడు.

ఇంట్లో కొమురయ్య మంచంలో లేచి కూర్చున్నాడు.

“మొత్తం ఉరికినవా?”

“ఉరికిన.”

“ఏమన్నరు?”

“నీళ్లు మంచిగనే ఉన్నయన్నరు.”

కొమురయ్య పచ్చటి కళ్లతో ఆమెను చూశాడు. కోపం రాలేదు. పెళ్లాం మైలు పరుగెత్తిందన్న సంతోషమే కనిపించింది. “మరింకేం, ఓ గిలాస ఇయ్యి,” అన్నాడు. ఆమె ఇచ్చింది. అతను అడుగు దాకా తాగాడు.

తర్వాతి వారం సత్తెమ్మ పేరు నమోదు చేసుకుంది. ఆమె వెనక ఇంకో పదహారు మంది చేసుకున్నారు. మాణెమ్మే వాళ్లకు నేర్పుతున్నది. “నీళ్లు అలవాటైతయి, ఉరుకుడు అలవాటైతది. మాట్లాడేతందుకు ఊపిరి మిగలాలె. గదే కష్టం,” అని చెబుతుంది. అందుకని వాళ్లు పరుగెత్తుతూనే మాట్లాడడం అభ్యాసం చేస్తున్నారు. పొద్దున్నే పదిహేడుగురు ఆడవాళ్లు మైదానం చుట్టూ తిరుగుతూ, పైపు పగిలిన చోటు, మంచం పట్టినవాళ్ల పేర్లు, బిడ్డల వయసులు గట్టిగా అరిచి చెబుతుంటారు.

వామన్‌రావు అదే వేళకు అక్కడ నడకకు వస్తాడు. ఆ మాటలన్నీ ఇప్పుడు ఆయనకు కంఠతా వచ్చు. మధ్యలో ఎవరైనా ఒక పేరు మరిచిపోతే ఆయనే అందిస్తాడు. తర్వాత పక్కకు జరిగి వాళ్లకు దారి ఇస్తాడు.