విమానం దిగేదాకా చీపురు

నా భయమల్లా ఒకటే. మా ఆయన ధనరాజ్ గాల్లో ఉండగా నేను ఇల్లు ఊడ్చెయ్యడం.

ప్రయాణమైన మనిషి చేరినట్టు కబురొచ్చేదాకా మా పొందూరు ఇంట్లో చీపురు కదలకూడదు. మా అత్త లక్ష్మణమ్మ చట్టమది. ఆవిడేమో రోజంతా పత్తి వడుకుతుంది. నేలంతా దూది. మా పాప పాకుతూ కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆయన వెల్డింగ్ పనికి పోలెండ్ వెళ్ళినప్పుడు రెండు రోజులు ఊడవలేదు. పాప దగ్గితే దూదే వచ్చింది.

అందుకే ఈసారి ఆయన పని మీద వార్సా నుంచి లిస్బన్ వెళ్తున్నాడని అత్తకు చెప్పలేదు. విమానం ఎక్కేముందు ఆయన ఫోన్ చేశాడు.

"ఎంత దూరం మావా?"

"రెండువేల ఏడొందల అరవై కిలోమీటర్లంట."

"అమ్మో! రైలైతే రెండ్రోజులు. ఇదెంతసేపు?"

"టికెట్ మీద పదికి ఎక్కడం, ఒంటిగంటంపావుకి దిగడం. మూడుంపావు గంటలు. ఆమాత్రం లెక్కెట్టుకోలేవేటి?"

తొమ్మిదిలో చదువు మానేసినా భాగహారం మర్చిపోలేదు. "గంటకి ఎనిమిదొందల యాభై! మెల్లగా పొమ్మని సెప్పు మావా."

"డ్రైవరు నీ తమ్ముడేటే, నా మాటింటానికి? ఫోనెట్టెయ్!"

మన టైము ఒకటిన్నరకి ఎగిరింది. నాలుగూ ముప్పావుకి దిగాలి. అప్పటిదాకా పాపను ఒళ్ళోంచి దించలేదు. నాలుగూ ముప్పావు కాగానే నిశ్చింతగా ఇల్లంతా ఊడ్చేశాను.

ఫోన్ రాలేదు. ఐదైంది. ఐదుంపావు. నేను చేస్తే స్విచాఫ్.

చీపురు తీసుకెళ్ళి అటక మీద దాచాను. అయినా మోగలేదు. ఇక దారిలేక చెత్తబుట్ట తెచ్చి, ఏ మూల దూది ఆ మూల చల్లడం మొదలెట్టాను. ఏ మూల ఎంత ఉండేదో గుర్తురాక ఏడుపొచ్చింది.

అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఒసే, ఊడ్సిన సెత్త మళ్ళీ సల్లుతన్నావేటే?"

"అత్తా, నీ కొడుకు ఇమానంలో ఉన్నాడు. నాలుగూ ముప్పావుకే దిగాల. నాను ఊడ్సీసినాను!"

"ఇంకా దిగలేదులే. లిస్బన్ గడియారం వార్సా కంటే ఒక గంట ఎనక్కుంతాదంట. నాలుగుంపావు గంటల పయానం. బడి మాస్టార్ని అడిగినాను."

"ఇమానం సంగతి నీకెవులు సెప్పినారు?"

"ఆడే, నిన్న. నాకు తెలుసని నీకు సెప్పొద్దన్నాడు."

"మరి నాను ఊడుస్తంటే ఆపలేదేటి?"

"పాప నోట్లో దూదెట్టుకుంతాది కదే."

ఆరుకి ఐదు నిమిషాలుందనగా ఫోన్ మోగింది. దిగాడు. నా అవస్థ విని అక్కడి నుంచి నవ్వాడు. చల్లిన దూదంతా మళ్ళీ ఊడ్చుకున్నాను.

అప్పుడు అత్త మెల్లగా అంది, "కాస్త అన్నమెట్టే."

కంచం తనే తెచ్చుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదట. షుగరు మనిషి.

"ఏటత్తా ఇది?"

"పాప కోసం సీపురు వదిలీసినాను. ఆడి కోసం ఏదో నియమం పట్టాల కదే."

వచ్చే నెల పద్నాలుగున ఆయన తిరిగి వార్సాకి ఎగురుతున్నాడు. అదే దూరం. ఆ రోజు మా అమ్మ కంటి ఆపరేషను, నేను ఆమదాలవలసలో ఉంటాను. పొందూరులో ఉన్నవాళ్ళెవరైనా మధ్యాహ్నం ఒక్కసారి మా అత్తను చూసి రండి. తిన్నానంటుంది. నమ్మకండి, అన్నం గిన్నె మూత తీసి చూడండి.