నిక్షేపంలాంటి టైమింగ్ బెల్టును విప్పించి చూడండి

సోమవారం ఉదయానికి నా చేతిలో ఉన్నవి రెండు. తాళం తిప్పగానే స్టార్టయ్యే కారు ఒకటి, దాని ఇంజను లోపల ఉందని అందరూ చెప్పే టైమింగ్ బెల్టు ఒకటి. ఎనిమిదేళ్లుగా ఆ బెల్టు మొహం నేను చూడలేదు, నా మొహం అది చూడలేదు. ఇద్దరం సుఖంగా ఉన్నాం.

అయినా చెబుతున్నాను. చక్కగా నడిచే కారును గ్యారేజీకి తోలుకెళ్లి ఆ బెల్టు విప్పించండి. అంతకు మించిన పుణ్యకార్యం లేదు!

జబ్బు లేకుండా మనం డాక్టరు దగ్గరకు వెళితే ముందుచూపు అంటారు. కారు చేసిన పాపమేమిటి? నాది స్టీలు సామాన్ల కొట్టు. గిన్నెను తిరగేసి, వేలితో మోగించి చూడనిదే ఎవరూ కొనరు. అలాంటిది, కంటికి కనపడని రబ్బరు ముక్కను నమ్మి సంసారాన్ని రోడ్డెక్కించడమా?

పైగా శుక్రవారం మా ఆవిడకు డ్రైవింగ్ టెస్టు. యాభై రెండో ఏట, ఈ కారు మీదే నేర్చుకుంది. ఈ తేదీ తప్పితే మళ్లీ ఆర్నెల్ల దాకా దొరకదు.

"టెస్టు అయ్యాక చూపించుకోవచ్చుగా," అంది.

"మధ్యలో తెగితే?" అన్నాను. బాధ్యత గల భర్త అనేవాడు అలాగే ఆలోచిస్తాడు.

గ్యారేజీలో మెకానిక్ మేస్త్రి చక్రం ఊడదీశాడు, ఇంజను కింద జాకీ పెట్టాడు, మూతల మీద మూతలు తీశాడు. చెంచా చూపించడానికి నేను కొట్టు గోడ పడగొడితే నన్ను పిచ్చాసుపత్రిలో చేరుస్తారు. కారు తయారుచేసినవాళ్లను మాత్రం ఇంజనీర్లంటారు.

బెల్టు తీసే ముందు అతను పై పుల్లీ మీద, కింది పుల్లీ మీద, బెల్టు మీద సుద్దతో గీతలు పెట్టాడు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్న మా ఆవిడకు చెప్పాడు.

"ఎక్కించేటప్పుడు ఈ గీతలు మళ్లీ కలవాలమ్మా. బెల్టు పళ్లలో ఒక్క పన్ను తేడా వచ్చినా లోపల వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇంజను గోవిందా."

బెల్టును వంచి, పళ్లు తడిమి చూశాడు. "కొత్త పెళ్లికొడుకులా ఉంది సార్. దీన్నే ఎక్కిస్తా. రెండేళ్లు దీని జోలికి రాకండి."

బుధవారం అతను భోజనానికి వెళ్లాడు. నేను ఒక్కణ్నే ఉన్నాను. మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోని వృత్తి నాది. తుడవని గిన్నె ఎక్కడైనా అమ్ముడుపోతుందా? జేబురుమాలు తీసి పుల్లీలు తళతళలాడించాను. బెల్టునూ వదల్లేదు.

మేస్త్రి తిరిగొచ్చి, సుద్ద గీతల కోసం వంగి వెతికాడు.

"పుల్లీలు కూడా కదిలించారా సార్?"

"కొంచెం తిప్పాను. అవతలి వైపు తుడవాలి కదా."

"కంపెనీ వేసిన అసలు గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి. ఇక లెక్క సరిచూసి ఎక్కించడం వచ్చే వారమే."

"పోనీలే, ఆర్నెల్లు ఎంతలో తిరిగొస్తాయి," అన్నాను, గొంతు నిండా దుఃఖం తెచ్చుకుని.

అప్పుడే వచ్చిన మా ఆవిడ ఫోను తీసింది. గీతల ఫొటోలు ఆరున్నాయి. ముందు నుంచి, పక్క నుంచి, బెల్టు తిరిగే దిక్కుతో సహా.

"ఎప్పుడు తీశావు?"

"ఆయన గీసిన వెంటనే. ఫ్రిజ్ మీద నేను రాసుకున్నవన్నీ రోజూ తుడిచేదెవరండీ?"

గురువారం ఫొటోలు చూసి బెల్టు ఎక్కించారు. స్టార్ట్ చేసే ముందు ఇంజనును పానాతో, చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలట. ఎక్కడైనా గట్టిగా తగిలితే కథ ముగిసినట్టే. పానా మా ఆవిడే పట్టుకుంది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు సగంలో చెయ్యి ఆగింది. మేస్త్రి వంగి చూశాడు.

"కంప్రెషనేనమ్మా, లోపలి గాలి ఒత్తిడి. తగల్లేదు. మెల్లగా కానివ్వండి."

గీతలు కలిశాయి. శుక్రవారం టెస్టు పాసయింది.

ఆవిడ టెస్టు తప్పించడానికే బెల్టు విప్పించానని మీకు అనుమానం రావచ్చు. మేస్త్రికీ వచ్చింది. కాదని వాదించే ఓపిక నాకు లేదు. తోలడం వస్తే తోలనివ్వొచ్చు. నాకన్నా బాగా తోలితే ఎలా భరించడం?

చివరికి తేలిన లెక్క ఇది. బెల్టుకు రెండేళ్ల భరోసా, నాకు పక్క సీటు. అక్కడ కూర్చుంటే ఊరు బాగా కనిపిస్తోంది. మా కొట్టు దారిలో ఇంకో మూడు స్టీలు సామాన్ల కొట్లున్నాయని, మూడింట్లోనూ జనం కిటకిటలాడుతున్నారని ఈ వారమే తెలిసింది.