ధారకు ఇంటిపేరు

క్రీస్తుశకం 3107లో, భూమికి నాలుగు వందల కాంతి సంవత్సరాల దూరంలో పుట్టబోయే ధార అనే అమ్మాయి మనోళ్ళ అమ్మాయేనని హిందూపురం ధార యువసేన సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని పదకొండు మంది బలపరిచారు. ఆలస్యంగా వచ్చిన ఇద్దరు విషయం ఏమిటని అడగకుండానే చేతులెత్తారు. అధ్యక్షుడు లోకేష్ కళ్ళు తుడుచుకున్నాడు.

ధార ఎవరో తెలియని పాఠకులు ఒకరిద్దరు ఉండవచ్చు. ఆమె శూన్యరేఖ అనే ఫోన్ ఆటలో ఒక పాత్ర. ఆ ఆటలోని విశ్వంలో పది కోట్ల కాన్పులకు ఒక ఆడపిల్ల అసాధారణ శక్తితో పుడుతుంది. అటువంటివారిని జ్వలినులు అంటారు. ఇప్పటివరకు తొమ్మిదిమందే దొరికారు. ఒకామె ఊపిరి బిగబడితే, బిగబట్టినంతసేపూ కాలం ఆగిపోతుంది. ఒకామె ఇనుమును తాకితే ఆ ఇనుము అంతకుముందు చూసిందంతా బయటపెడుతుంది. తొమ్మిదో ఆమె ధార. వాన ఎరగని ఎర్రమట్టి గ్రహం మీద, బండరాళ్ళ నడుమ, ముళ్ళకంప పక్కన దొరికిన పసిబిడ్డ. ఆమె కాలు పెట్టిన చోట వాన పడుతుంది. ఆ గ్రహం వర్ణన చదివిన మరుక్షణమే అది పెనుకొండ పరిసరాలేనని హిందూపురం, ధర్మవరం, పెనుకొండ మూడు ఊళ్ళవాళ్ళూ గుర్తుపట్టారు. కాంతి సంవత్సరాల సంగతిని కంపెనీవాళ్ళ అచ్చుతప్పుగా క్షమించారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆటలో ధార బొమ్మ కింద, 'తల్లిదండ్రులు: తెలియదు, ఇంటిపేరు: లేదు' అని రాసి ఉంది. ఒక ఆడపిల్ల ఒంటరిగా గ్రహాలు తిరగవచ్చు, ఉల్కలను పిడికిట పట్టవచ్చు, మూడు సైన్యాలను ముంచేయవచ్చు. వాటికి మనవాళ్ళకు ఏ అభ్యంతరమూ లేదు. ఎవరి అమ్మాయో తెలియకపోతే మాత్రం నిద్ర పట్టదు.

హిందూపురంలో ఫోన్ కవర్ల దుకాణం నడిపే లోకేష్‌కు జ్వలినుల చరిత్ర మొత్తం కంఠతా వచ్చు. మూడో జ్వలినికి ఏ యుద్ధంలో ఎన్నో పక్కటెముక విరిగిందో, ఆరో జ్వలిని పెంచుకున్న లోహపు పిల్లి ఏ రోజున చనిపోయిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ పిల్లికి సంవత్సరీకం కూడా జరిపించాడు. ధార పుట్టినరోజు ఆటలో ఇవ్వలేదు కాబట్టి తన పుట్టినరోజునే ఆమెకూ ఇచ్చి, ఫ్లెక్సీలో పక్కనే నిలబడ్డాడు. ఫోన్‌కు పాలాభిషేకం చేసినప్పుడు పాడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగిన ముందుచూపు కూడా అతనిదే. ఆ కవరు ఆ వారంలో బాగా అమ్ముడుపోయింది.

ధర్మవరంలో జయప్రకాష్ ఊరుకుంటాడా? అక్కడి ధార అభిమాన సంఘం అధ్యక్షుడు అతను. ధార తమవాళ్ళ అమ్మాయేనని, ఆమె కవచం మీది జరీ లాంటి గీతే సాక్ష్యమని ప్రకటించాడు. పట్టుచీర ఒకటి కంపెనీకి పంపించాడు. నడుము కొలత ఎవరికీ తెలియక, అంచనాగా తన చెల్లెలి జాకెట్టు జతచేశాడు. జయప్రకాష్ 'మనోళ్ళు' వేరు, లోకేష్ 'మనోళ్ళు' వేరు. రెండు సంఘాలూ కంపెనీకి రోజుకు మూడేసి వందల వినతిపత్రాలు పంపసాగాయి. ఆటకు రేటింగులో ఒక్క చుక్క మాత్రమే ఇచ్చి, ఇంటిపేరు పెట్టాకే మిగతా నాలుగూ ఇస్తామని హెచ్చరించాయి.

బెంగళూరులోని కంపెనీ పెద్దలు ఈ ప్రజాచైతన్యాన్ని చూసి ముగ్ధులయ్యారు. ధారకు ఇంటిపేరు పెట్టే హక్కును అర్హుడైన ఒక అభిమానికి శాశ్వతంగా ఇస్తామన్నారు. ఆ ఇంటిపేరు ఆట ఉన్నంతకాలం, ప్రపంచమంతా, ధార పేరు ముందు ఉంటుంది. అర్హత తేల్చే పనిని అశ్విని అనే ఉద్యోగినికి అప్పగించారు. ఆటలోని పాత్రలకు పుట్టుపూర్వోత్తరాలు రాసేది ఆమే. ధారను రాసిందీ ఆమే.

ఆ వార్త చదివిన రోజు లోకేష్ అన్నం తినలేదు. తన ఇంటిపేరు ధార పేరుకు ముందు! పెదవులతో పలికి చూసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ జీవితంలో అతను దేన్నీ ఇంతగా కోరుకోలేదు, ఇది నవ్వాల్సిన మాట కాదు. దుకాణం గోడ మీద అక్షరాలు ఎక్కడ రాయించాలో కొలతలు కూడా తీసుకున్నాడు.

అశ్విని ప్రకటన మర్నాడు వచ్చింది. 'జ్వలినుల శక్తి తల్లి నుంచి బిడ్డకు సంక్రమించును. కావున దరఖాస్తుదారు తన తల్లి పేరు, తల్లి తల్లి పేరు, ఆమె తల్లి పేరు, వారి వారి పుట్టిన ఊళ్ళు తెలుపవలెను. తల్లి తల్లి స్వయంగా తన తల్లి గురించి చెప్పిన మాటలు రికార్డు చేసి జతపరచవలెను. తండ్రుల వివరములు అవసరము లేదు.'

మూడు ఊళ్ళలో కలిపి నాలుగు వందల పన్నెండు మంది ఫారం నింపడం మొదలుపెట్టారు. రెండో గడి దగ్గర చాలామంది పెన్ను ఆగిపోయింది. నూట అరవై మంది ఆ గడిలో 'అవ్వ' అని రాశారు. పుట్టిన ఊరు అన్నచోట 'ఇంట్లోనే' అని రాసినవారూ ఉన్నారు. ఆరో జ్వలిని పిల్లి పేరు అడిగి ఉంటే ఒక్కడూ తప్పేవాడు కాదు. లోకేష్ కూడా తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, అవ్వ పేరేమి?"

"తిమ్మక్క. ఏమైందిరా అవ్వకు?" అని తల్లి కంగారుపడింది. పేరు అడిగారంటే ఆసుపత్రి నుంచే అనుకుంది పాపం.

లోకేష్ చిలమత్తూరు బస్సెక్కాడు. తిమ్మక్క గుమ్మం ముందు కూర్చుని విత్తనాల శెనక్కాయలు ఒలుస్తోంది. మనవడు ఫోన్‌లో రికార్డింగు పెట్టి పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, మీ అమ్మ పేరేమి?"

"ఏంటికప్పా? పింఛనీ పెంచుతారంటనా?"

"కాదవ్వా. ధార అని ఒక పాప ఉండాది. ఆ పాపకు ఇంటిపేరు పెట్టాల్ల."

"ఎవురు నాయనా ఆ పాప? మనోళ్ళేనా?"

"అదే తేల్చాల్ల."

తిమ్మక్క చేటను పక్కన పెట్టింది. "నాకు ఎనభై దాటె. మా అమ్మ పేరు అడిగినోడివి నువ్వొకడివే రా," అంది. "మా అమ్మ పేరు తిప్పమ్మ. కరువులో గొర్రెలోళ్ళు మందను తోలుకపోతా చూసినారంట. పెనుకొండ కొండ కింద, ఎర్రమట్టి తిప్ప మీద, బండల నడుమ, ఏడాది బిడ్డ. నడిమద్దేన్నం ఎండలో కూచోనుండాదంట, ఏడ్సకుండా. పక్కన ముళ్ళకంప తప్ప ఏమీ ల్యా. ఆయమ్మను ఎత్తుకున్న్యాడంట ఒకాయన. ఆ పొద్దే వాన పడినాదంట, మూడేండ్ల తర్వాత. ఇంగ వదుల్తారా? మంద వెంబడి తీసకపోయినారు."

లోకేష్ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. ఎర్రమట్టి, బండలు, ముళ్ళకంప, వాన. ధార కథ అక్షరం పొల్లుపోకుండా ఉంది. ప్రపంచంలోని లక్షలాది అభిమానుల్లో జ్వలిని రక్తం తనలోనే ఉందన్నమాట! ఒక నిమిషం పాటు అతనంత సంతోషంగా ఉన్న మనిషి ఆ జిల్లాలో లేడు.

"మరి ఎవురి బిడ్డ అవ్వా?" అని అడిగాడు.

"ఎవురికి తెలుసు? ఏ కులమో, ఏ ఊరో! పెండ్లప్పుడు మనోళ్ళే అని చెప్పేసినారులే. వాన తెచ్చిన పిల్లను ఎవురొద్దంటారు?"

ఆ నిమిషం అయిపోయింది. లోకేష్‌కు తన అధ్యక్ష పదవి, ఏకగ్రీవ తీర్మానం, పదకొండు మంది, ఆలస్యంగా వచ్చిన ఇద్దరు వరసగా కళ్ళముందు నిలబడ్డారు. 

"ఈ మాట ఇంకెవరికన్నా చెప్పినావా?"

"అడిగితే కదా చెప్పేకి," అంది తిమ్మక్క, మళ్ళీ చేట అందుకుంటూ.

గమనించాలి, ఈ రికార్డింగు పంపితే గెలుపు ఖాయం. పంపితే ధార తనదవుతుంది, తాను మాత్రం మనోళ్ళలో మిగలడు. రెంటికీ మధ్యన ఒక మార్గం ఉండకపోదని, బుద్ధిమంతులందరిలాగే, లోకేష్ కూడా అనుకున్నాడు. ఆ మార్గం అతనికి రైల్లో దొరికింది.

హిందూపురం నుంచి ధర్మవరం పోయే ప్యాసింజరులో కుళ్ళాయమ్మ అనే ముసలామె ఉడికించిన శెనక్కాయలు అమ్ముతుంది. నిండైన ముఖం, గట్టి గొంతు. ఎవరికైనా అవ్వ అనిపిస్తుంది. లోకేష్ ఆమెకు ఒక చీర ఇచ్చి సంగతి చెప్పాడు.

"నాకు అబద్ధాలు రావు సామీ," అంది కుళ్ళాయమ్మ. "మా అమ్మ కతే చెప్తా. నువ్వు నా మనవడివని మటుకు అంటా. సాలునా?"

"మేము తరతరాలుగా మనోళ్ళమే అని కూడా చెప్పాల్ల."

"దానిదేముండాది, చెప్తా."

చెప్పింది. ఇలాంటి ఆలోచన ఒక్క లోకేష్‌కే వచ్చి ఉంటుందని పాఠకులు అనుకోరని నా నమ్మకం. ఇళ్ళలో నిజమైన అవ్వలు నోరు తెరిచేసరికి మూడు ఊళ్ళలోనూ ఫారాలు మూతపడుతున్నాయి. ఒకరి ముత్తవ్వ కన్నడ దేశం నుంచి లేచి వచ్చిందట. ఒకరి ముత్తవ్వ చర్చిలో పెరిగిందట. ఒకరి ముత్తవ్వ పక్క వీధివాళ్ళ ముత్తవ్వకు సొంత అక్కట, ఆ పక్క వీధితో ఆ ఇంటికి నలభై ఏళ్ళుగా మాటల్లేవు. గడువు ముగిసేనాటికి పూర్తి దరఖాస్తులు రెండే మిగిలాయి. ఒకటి హిందూపురం నుంచి, రెండోది ధర్మవరం నుంచి.

రెండు ఊళ్ళకూ నడుమ ఉందని నిర్ణయసభను పెనుకొండలో, ఒక కల్యాణమండపంలో పెట్టారు. పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు ఆదెప్ప గారు అధ్యక్షత వహించారు. ధార ఎవరో ఆయనకు తెలియదు. అది ఆయన ఉపన్యాసానికి ఏ విధంగానూ అడ్డు రాలేదు.

"ధారమ్మ గారు మన ప్రాంతానికి చేసిన సేవ అంతా ఇంతా కాదు," అన్నారాయన. "ఆ మహాతల్లి ఎక్కడ ఉన్నా, ఆమె ఆత్మ ఈ సభను చూస్తూనే ఉంటుంది. యువకులు ఆమె అడుగుజాడల్లో నడవాలి. చెట్లు నాటాలి. ఫోన్లు చూడటం మానాలి."

ఫోన్లలో వీడియో తీస్తున్న నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. 

అశ్విని లేచి, రెండు రికార్డింగులూ వినిపిస్తానని మాత్రం చెప్పింది. మొదట లోకేష్‌ది పెట్టింది. "నా పేరు కుళ్ళాయమ్మ. వీడు నా మనవడు. మా అమ్మ సుంకమ్మ, తాడిమర్రిలో పుట్టె. ఏడుమందిని కనె. ఏడో కాన్పు నాడు కూడా శెనక్కాయ చేన్లో కలుపు తీసె. మేము తరతరాలుగా మనోళ్ళమే." వెనక రైలు కూత. చివర, ఎవరితోనో, "ఎన్ని కావాల సామీ?" హిందూపురం వరసలు ఈలలు వేశాయి. 

తర్వాత జయప్రకాష్‌ది పెట్టింది. "నా పేరు కుళ్ళాయమ్మ. వీడు నా మనవడు. మా అమ్మ సుంకమ్మ, తాడిమర్రిలో పుట్టె..." అదే ఏడో కాన్పు, అదే కలుపు, అదే మనోళ్ళు. రైలు కూత మాత్రం ఇంకొంచెం దూరంగా వినిపించింది.

ఈలలు ఆగిపోయాయి. లోకేష్ జయప్రకాష్‌ను చూశాడు. జయప్రకాష్ తన చెప్పులను చూసుకున్నాడు. మా అవ్వ కాదంటే దొంగ అవ్వను తెచ్చినట్టు. అవునంటే ఇద్దరూ ఒకే కడుపున పుట్టిన ఆడవాళ్ళ బిడ్డలైనట్టు. ఆదెప్ప గారు మాత్రం పరవశించిపోయారు.

"ఏమి విచిత్రం! విడిపోయిన అన్నదమ్ములను ధారమ్మే కలిపింది!" అంటూ ఇద్దరినీ పట్టి కౌగిలింపజేశారు. ఫోటోలు తీశారు. వెనక వరసలో ఒక ముసలాయన నిజంగానే ఏడ్చాడు.

ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుందని, నిజమైన అవ్వలు ఉన్నవారికి మరో వారం గడువు ఇస్తున్నానని అశ్విని చెప్పి దిగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం తిమ్మక్క ఫోన్ చేసింది. ఎవరో ఆమెకు సభ వీడియో చూపించి, కుళ్ళాయమ్మ ఎవరో కూడా చెప్పారు.

"శెనక్కాయలమ్మే ఆయమ్మ నీకు అవ్వ అయ్యెనంటనే," అంది. తిట్టలేదు. "మా అమ్మ పనికిరాకపాయె. పోనీలే అప్పా. అడిగితివి కదా, అదే సాలు."

లోకేష్ ఫోన్ పెట్టేశాడు. దుకాణం తలుపు సగం దించి, పాత రికార్డింగు పెట్టుకున్నాడు. తిప్ప మీద ఎండలో ఏడవకుండా కూర్చున్న బిడ్డను తలుచుకుంటే అతనికి ఏడుపు ఆగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. ఫారం తెరిచాడు. అమ్మ పేరు రాశాడు. తిమ్మక్క అని రాశాడు. తిప్పమ్మ అని రాశాడు. రికార్డింగు జతచేశాడు. పంపు అన్న మీట మీద బొటనవేలు పెట్టాడు.

సరిగ్గా అప్పుడే జయప్రకాష్ ఫోన్ చేశాడు. కౌగిలి తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"అన్నా, జరిగిందేదో జరిగె. మనిద్దరినీ ఇంత పని చేసిన ఆ అశ్విని ఉండాది చూడు..."

"ఊ."

"ఎవురోళ్ళంటావు?"

లోకేష్ కళ్ళు తుడుచుకున్నాడు. బొటనవేలు మీట మీది నుంచి తీశాడు. "అదే నేనూ ఆలోచిస్తాండా అన్నా," అన్నాడు.

గడువు ముగిసింది. హిందూపురం, ధర్మవరం సంఘాలు చరిత్రలో తొలిసారిగా ఒక్కటై, లోకేష్, జయప్రకాష్ సహాధ్యక్షులుగా అశ్విని పుట్టుపూర్వోత్తరాల నిజనిర్ధారణ సంఘాన్ని ఏర్పాటు చేశాయి. ఆమె ఏ ఊరి పిల్లో, ఎవరి బిడ్డో ఈ రచయిత ఎక్కడా రాయలేదు కాబట్టి సంఘం పాఠకుల సహకారం కోరుతోంది. కొత్తగా విచారించే శ్రమ మీకు అక్కర్లేదు. ఆమె పేరు చదివినప్పుడే మీరు మనసులో ఒకటి అనుకున్నారు కదా, అది రాసి పంపితే చాలు.